పిల్లలతో గుట్ట ఎక్కాలంటే, దిగడం నుంచి లెక్క వేసుకోండి

మా పెద్దమ్మాయికి ఐదేళ్లు నిండిన ఏడాది, ఫిబ్రవరి చివర్లో మొదటిసారి భువనగిరి కోటకు తీసుకెళ్లాం. ఎక్కేటప్పుడు అందరికంటే ముందు ఆమే ఉంది. మెట్లు అయిపోయి వాలుబండ మొదలైనా చేతులు ఆనించకుండా మేకపిల్లలా ఎక్కేసింది. పైన బాలాహిస్సార్ అనే లోపలి కోట గోడల నీడలో పులిహోర తిని, ఫోటోలు తీసుకుని లేచేసరికి పదకొండున్నర దాటింది. దిగడం మొదలుపెట్టిన పది నిమిషాలకు ఒక వాలు దగ్గర పాప ఆగిపోయింది. కింద ఊరంతా బొమ్మల కొలువులా కనిపిస్తోంది. "అమ్మా, నేను రాను" అని బండ మీద చతికిలబడింది. ఆనుకుందామంటే అరచేతికి బండ చుర్రుమంటోంది. సీసాలో రెండు గుక్కల నీళ్లు మాత్రమే ఉన్నాయి. నలభై నిమిషాల్లో ఎక్కిన గుట్టను దిగడానికి గంటన్నర పట్టింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ గుట్టకు వెళ్లాలన్నా లెక్క దిగడం నుంచే మొదలవుతుంది. ఎన్ని గంటలకు కింద ఉండాలి, దిగేటప్పటికి పిల్లల కాళ్లలో ఎంత సత్తువ ఉండాలి, సీసాలో ఎంత నీరు ఉండాలి అన్నవి ముందు తేల్చుకుంటాం. ఎక్కడం సంగతి తర్వాత. మూడేళ్ల నుంచి పదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు పనికొస్తుందని, మేము నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: వయసుకు తగిన గుట్ట

మన జిల్లాల్లో గుట్టలకు కొదవ లేదు. నల్గొండ పట్టణానికే లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట అండగా నిలబడి ఉన్నాయి. దేవరకొండలో పద్మనాయక రాజుల కోట ఏడు గుట్టలను చుట్టుకుని ఉంటుంది. వారి రాజధాని రాచకొండ సంస్థాన్ నారాయణపురం వైపు ఉంది. పాలమూరు వైపు కోయిల్‌కొండ, ఖిల్లా ఘన్‌పూర్, మన్యంకొండ, అచ్చంపేట దాటాక ఉమామహేశ్వరం. పేర్లు చూసి ఉబలాటపడి మొదటి వారమే కోట ఎక్కించవద్దు.

నాలుగేళ్లలోపు బిడ్డకు చెరువు కట్ట చాలు. నల్గొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద ఉదయం పూట ఒక కిలోమీటరు నడిపించి, ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లండి. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను చూపిస్తే, అలసట మరిచిపోయి "ఆ నీడ ఎవరిది?" అని ఇంటికి వచ్చేదాకా అడుగుతూనే ఉంటారు. మహబూబ్‌నగర్ వాళ్లకు జడ్చర్ల దారిలో మయూరి పార్కు బాటలు, పిల్లలమర్రి నీడ ఉన్నాయి. 2018లో ఆ మర్రికి చెదలు పట్టినప్పుడు ఊడలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. చెట్టుకు సెలైన్ ఎక్కించిన కథ చెబితే మా చిన్నవాడు ఇప్పటికీ కళ్లు పెద్దవి చేసి వింటాడు.

నాలుగు నుంచి ఆరేళ్ల వారికి మెట్లున్న గుట్ట మంచిది. మెట్టు ఎత్తు ఒకే తీరుగా ఉంటుంది కనుక ఎక్కడ ఆగాలో, ఎక్కడ కూర్చోవాలో వారికి తెలుస్తుంది. ఉమామహేశ్వరం ఈ వయసుకు నాకు బాగా నచ్చిన చోటు. గుడి పెద్ద కొండచరియ కింద ఒదిగి ఉంటుంది, నీడకు లోటు ఉండదు, రాతి నుంచి నీరు ఊరే పాపనాశనం దగ్గర పిల్లలు ఎంతసేపైనా నిలబడతారు. భువనగిరి, దేవరకొండ వంటి కోటలను ఏడేళ్లు దాటాకే పెట్టుకోండి. మేము ఐదేళ్లకే తీసుకెళ్లాం, అది తొందరపాటు. రాచకొండకైతే ఇంకా పెద్దయ్యాక, ఆ ఊరి మనిషిని వెంట తీసుకునే వెళ్లాలి. పొదలు కమ్ముకున్న దారులు అక్కడ రెండుమూడుగా చీలిపోతాయి.

నల్లమల సంగతి వేరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతించిన చోటికే వెళ్లాలి, బాట వదిలి పిల్లలతో నడవకూడదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటే శ్రీశైలం దారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసివేస్తారు కాబట్టి తిరుగు ప్రయాణాన్ని దానికి తగినట్టు పెట్టుకోండి. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరకు చిన్నపిల్లలను తీసుకెళ్లవద్దనే చెబుతాను. ఎండ, జనం, లోయలోకి దిగే రాళ్ల దారి, ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి.

రెండో అడుగు: నెల రోజుల ముందు కాళ్లకు అలవాటు

పిల్లలు ఇంట్లో రోజంతా పరిగెత్తుతూనే ఉంటారు కదా, వేరే అలవాటు ఎందుకు అనిపిస్తుంది. పరుగు వేరు, గంటసేపు ఒకే తీరుగా నడవడం వేరు. వారానికి రెండు మూడు సార్లు, గుట్టకు వేసుకునే బూట్లతోనే, భుజానికి తన చిన్న సంచి తగిలించి నడిపించండి. సంచి బరువు బిడ్డ బరువులో పదో వంతు మించకూడదు. ఇరవై కిలోల బిడ్డకు రెండు కిలోలు గరిష్ఠం, నేనైతే కిలో దాటనివ్వను. తన నీళ్ల సీసా, టోపీ, ఒక పల్చని తువ్వాలు, అంతే.

రెండో వారం నుంచి మెట్లు దిగే సాధన పెట్టండి. తెలిసినవారి అపార్టుమెంటు ఉంటే పైకి లిఫ్టులో వెళ్లి నాలుగు అంతస్తులు మెట్ల మీద దిగండి. వింతగా అనిపించినా, తొడల్లో సత్తువ పెరిగేది దిగేటప్పుడే. గుట్ట దిగేటప్పుడు వణికేవి కూడా ఆ కండరాలే. మూడో వారం ఊరి బయట ఏదైనా చిన్న పరుపుబండ చూసి అరగంట దాని మీద ఎక్కించి దింపండి. పడినా మోకాలు గీరుకుపోయేంత ఎత్తే ఉండాలి. రబ్బరు అడుగు పొడి రాతిని ఎలా పట్టుకుంటుందో బిడ్డకు అక్కడ అనుభవంలోకి వస్తుంది. మాటల్లో ఎంత చెప్పినా అది రాదు.

ఎత్తుకెళ్లే పసిబిడ్డ సంగతి. మెడ నిలిచి, ఎవరి ఆసరా లేకుండా కూర్చోగలిగే వరకు, అంటే ఇంచుమించు ఆరు నెలలు నిండే వరకు, వీపు మీద కట్టుకునే సంచుల్లో వేయకూడదు. ఆ తర్వాతైనా వాలుబండ మీద బిడ్డను భుజాల మీద కూర్చోబెట్టుకుని దిగవద్దు. ఎత్తుకున్నవారి బరువు పైకి జరిగిపోతుంది, కాలు జారితే ఆపుకోవడానికి చేతులు ఖాళీగా ఉండవు.

మూడో అడుగు: కాలం, గడియారం

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మన గుట్టలకు మంచి కాలం. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు పూలతో గుట్టలు చూడముచ్చటగా ఉంటాయి కానీ, వానలు పూర్తిగా వెనుదిరగకపోతే పిడుగు భయం ఉంటుంది. మార్చి నుంచి పిల్లలతో గుట్ట మాట ఎత్తకండి. ఈ నేల గ్రానైటు. పొద్దున తాగిన ఎండను సాయంత్రం దాకా వదలదు. వేసవిలో గాలి నలభై డిగ్రీలుంటే బండ అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. బిడ్డ ముఖం మనకంటే ఆ బండకు దగ్గరగా ఉంటుందన్న సంగతి మరిచిపోతాం.

జనవరిలో సూర్యుడు ఆరూ ముప్పావు దాటాక వస్తాడు. ఏడింటికి గుట్ట మొదట్లో ఉండండి, పదిన్నరకు కింద ఉండండి. ఈ మూడున్నర గంటల్లో ఒక వంతు ఎక్కడానికి, ఒక వంతు ఆగడానికి, తినడానికి, చూడటానికి, మిగిలిన వంతు మొత్తం దిగడానికి. ఎక్కడానికి పెట్టుకున్న సమయం అయిపోతే ఎక్కడున్నా అదే శిఖరం. మేము గుట్ట కొన దాకా చేరకుండా వెనక్కి వచ్చిన రోజులే ఎక్కువ.

వానాకాలంలో ఉరుము వినపడితే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. ఎత్తు నుంచి వెంటనే దిగాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు, చివరి ఉరుము తర్వాత అరగంట వరకు మళ్లీ ఎక్కకూడదు.

నాలుగో అడుగు: కాలికి, ఒంటికి

ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు అక్కర్లేదు. మెత్తని రబ్బరు అడుగు, గాళ్లు అరగని, లేసులు కట్టుకునే బూట్లు చాలు. కొత్తవి ఆ రోజే వేయవద్దు. బిడ్డ కాలి బొటనవేలి ముందు మన చేతి బొటనవేలు మందం చోటు ఉండాలి. సాయంత్రం పూట కొలవండి, పగలంతా ఆడాక పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. చెప్పులు, వెల్క్రో ఊడిపోతున్న బడి బూట్లు వద్దే వద్దు.

ఒక చిన్న పని మాత్రం ఎప్పుడూ మరవను. దిగడం మొదలుపెట్టే ముందు పిల్లలను కూర్చోబెట్టి లేసులు విప్పుతాను. మడమను రాతికి తట్టి పాదాన్ని బూటు వెనక్కి జరుపుతాను. మడమ కదలకుండా పట్టుకుని, చీలమండ దగ్గర రెండు వరుసలు గట్టిగా లాగి, వేళ్ల వైపు కాస్త వదులుగా ఉంచి ముడి వేస్తాను. అలా చేయకపోతే దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముక్కుకు కొట్టుకుంటాయి. మొదటిసారి మా అమ్మాయి గోరు నల్లబడింది అందుకే. "కాలు నొప్పి" అన్న మాటనే పిల్లలు చెబుతారు, ఎక్కడ అని చెప్పలేరు.

ఒంటికి పొడుగు చేతుల నూలు చొక్కా, మడమల దాకా ప్యాంటు. జీన్సు వద్దు, తడిస్తే బరువెక్కుతుంది, మోకాలు వంగదు. ముదురు రంగులు కాకుండా కళ్లకు కొట్టొచ్చే పసుపు, నారింజ రంగు వేయండి. బండల మధ్య ఎక్కడున్నా కనపడతారు. వెడల్పు అంచు టోపీ. మెడకు ఒక తడి తువ్వాలు చుడితే ఎండకు సగం జవాబు దొరికినట్టే.

ఐదో అడుగు: నీళ్లు

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పిల్లలకు దాహం వేసిందని తెలిసేసరికే ఆలస్యం అవుతుంది, ఆటలో ఉంటే అసలు అడగరు. అందుకే మా ఇంట్లో ఫోనులో ఇరవై నిమిషాలకు ఒకసారి గంట పెడతాం. గంట మోగితే అందరూ ఆగి నాలుగేసి గుక్కలు తాగాలి, పెద్దలతో సహా. గుక్కలు లెక్కపెట్టడం చిన్నవాడి పని. ఆ పెత్తనం తనదైనందుకు వాడు ఒక్కసారి కూడా మరవడు.

మూడున్నర గంటల ప్రయాణానికి చలికాలంలో బిడ్డకు లీటరు, పెద్దవారికి రెండు లీటర్ల లెక్కన మోయండి. బరువే, కానీ ఈ బరువులో బేరం లేదు. సగం నీళ్లు పెద్దవారి సంచిలో వేరుగా పెట్టి దానికి ఎర్ర దారం కట్టండి. అవి దిగేటప్పటి నీళ్లు. ఎక్కేటప్పుడు తాగే నీళ్లు అయిపోతే, ఎక్కడ ఉన్నా అక్కడి నుంచి తిరుగుముఖం.

గుట్ట మీది కోనేళ్లు, చలమలు చూడటానికి తేటగా ఉన్నా తాగించవద్దు. పశువులు, కోతులు కూడా వాటి మీదే ఆధారపడతాయి. దారిలో బోరు నీళ్లను నింపుకునే అలవాటు కూడా మన జిల్లాకు మంచిది కాదు. నల్గొండ భూగర్భ జలాల్లోని ఫ్లోరైడు ఎన్ని తరాల ఎముకలను వంచిందో ఇక్కడి వారికి చెప్పనవసరం లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం. పటికతో, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అన్న పేరే స్థిరపడింది. ఒక్క పూట నీళ్లతో ఎముకలు వంగవు, ఆ హాని ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. కానీ నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడు పోతుందని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. పోదు. మరిగిస్తే పోయేవి క్రిములు మాత్రమే. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లే భద్రం.

ఓఆర్ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. పొట్లం మీద ఎంత నీటిలో కలపాలో చదివి అంతే కలపాలి. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని. దుకాణంలో దొరికే రంగు రంగుల పళ్లరసం డబ్బాలు ఓఆర్ఎస్ కావు. పొట్లం దొరకకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు అంచు వరకు సమంగా గీసి కొలవాలి.

ఆరో అడుగు: సద్ది

ఎక్కేముందు కడుపు నిండా పెట్టవద్దు. రెండు ఇడ్లీలో, కాస్త ఉప్మానో చాలు. గుట్ట మీదికి చింతపండు పులిహోర, సర్వపిండి, జొన్నరొట్టె ముక్కలు, అరటిపండు, కమలాపండు. సర్వపిండి మాకు ప్రాణం, నూనె తక్కువ పెట్టి కాలిస్తే మధ్యాహ్నం దాకా పాడవదు, చేతులు అంటుకోవు. సంక్రాంతి రోజుల్లోనైతే సకినాలు, నువ్వుల లడ్డూలు ఎలాగూ ఉంటాయి. పెరుగన్నం చలికాలం ఉదయం వరకే.

పల్లీలు, పల్లిపట్టి, పుట్నాలను ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దు. నడుస్తూ, నవ్వుతూ తింటే గింజ శ్వాసనాళంలోకి పోతుంది. ఆ భయం గుట్ట మీద, ఆసుపత్రికి గంట దూరంలో రాకూడదు. ఏ వయసు వారైనా కూర్చుని తినాలి, నమలడం అయ్యాకే లేవాలి.

దారిలో రేగుపళ్లు, సీతాఫలాలు కనపడతాయి. పాలమూరు గుట్టల సీతాఫలం రుచి తెలిసినవారికి ఆపుకోవడం కష్టం. తిననివ్వండి, గింజలను మాత్రం కొరకనివ్వవద్దు. ఆ గింజల పొడి కంట్లో పడితే తీవ్రంగా మండి కన్ను దెబ్బతింటుంది. పేరు తెలియని ఏ పండునూ నోట్లో పెట్టవద్దని ముందే చెప్పండి.

కోతులున్న చోట సంచి విప్పకండి. ప్లాస్టిక్ కవరు చప్పుడు వాటికి బాగా గుర్తు. తిండిని స్టీలు డబ్బాలో పెట్టి సంచి అడుగున ఉంచండి. బిడ్డ చేతిలోది కోతి లాక్కుంటే వదిలేయమని నేర్పండి, పెనుగులాడితే గీరుతుంది. గీరినా, కొరికినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు వైద్యుడికి చూపించి రేబిస్ టీకా గురించి అడగాలి.

ఏడో అడుగు: మన గుట్టల్లో ఉండే ప్రమాదాలు

అన్నిటికంటే నన్ను భయపెట్టేవి క్వారీ గుంతలు. గ్రానైటు తవ్వి వదిలేసిన గుంతల్లో వాన నీరు నిలిచి నీలంగా, ఈత కొలనులా కనిపిస్తుంది. గోడలు నిట్టనిలువుగా ఉంటాయి, జారి పడితే పట్టుకోవడానికి అంచు ఉండదు. లోతు పైకి తెలియదు. కోటల్లోని కోనేళ్లు, పిట్టగోడ లేని పాత బావులు కూడా అంతే. నీరు కనిపించిన క్షణం నుంచి బిడ్డ మణికట్టు మన చేతిలో ఉండాలి.

పాములకు ఎండవేళ రాతి పగుళ్లు, ఎండుటాకుల కుప్పలు ఇష్టం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మన ప్రాంతంలో ఉన్నవే. పిల్లలకు ఒకటే నేర్పండి: కన్ను చూడని చోట చేయి పెట్టకూడదు, రాయి ఎత్తకూడదు. ముందు నడిచే పెద్దవారి చేతిలో కర్ర ఉండి నేలకు తడుతూ ఉండాలి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏదీ చేయవద్దు. కాటుపడిన కాలికి ఉన్న పట్టీ, మట్టె, బూటు తీసేసి, కర్ర ఆధారంగా కాలు కదలకుండా కట్టి, బిడ్డను నడిపించకుండా ఎత్తుకుని 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. చిన్న ఒంట్లో అదే విషం ఎక్కువ పని చేస్తుంది కనుక ఒక్క నిమిషం కూడా మంత్రాలకు పోనివ్వకండి. తేలు కుట్టి బిడ్డకు చల్లని చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే అది కూడా అంతే అత్యవసరం.

కోట గోడలకు, కొండచరియలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. పట్టు కనిపిస్తే అరుపులు ఆపి, రాయి వేయకుండా, పొగ చేయకుండా పక్కదారి పట్టండి. అత్తరు, వాసన నూనెలు ఆ రోజు వాడకండి. ఈగలు లేస్తే బిడ్డ ముఖాన్ని తువ్వాలుతో కప్పి, చేతులు ఊపకుండా, ఆగకుండా దూరంగా పరుగెత్తాలి. తర్వాత ముళ్లను గోటితో గీకి తీసేయాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా 108.

ఇక దూలగొండి. చలికాలం పొదల మీద బంగారు రంగు నూగుతో వేలాడే కాయలు పిల్లలను పిలుస్తాయి. నూగు అంటితే భరించలేని దురద. రుద్దకూడదు. బట్టలు మార్చి, ప్లాస్టర్ టేపు అంటించి లాగితే నూగు చాలావరకు వస్తుంది, ఆ తర్వాత నీళ్లతో కడగాలి. మా సంచిలో టేపు చుట్ట ఉండేది ఇందుకే.

సంచిలో ఇంకేమి ఉండాలి అంటే, బ్యాండేజీ గుడ్డ, ముల్లు తీసే చిమ్ట, బిడ్డ బరువుకు వైద్యుడు రాసిన జ్వరం మందు, ఈల, చిన్న టార్చి, ఒక జత బట్టలు, చెత్త వేసుకునే సంచి. ఈలను బిడ్డ మెడలో వేసి, తప్పిపోతే ఉన్నచోటే కూర్చుని మూడుసార్లు ఊదమని చెప్పండి. ఏ గుట్టకు, ఏ వైపు నుంచి ఎక్కుతున్నారో, ఎన్నింటికి తిరిగి ఫోను చేస్తారో ఇంట్లో ఉన్న వారికి చెప్పి వెళ్లండి. చాలా గుట్టల వెనక ఫోను పలకదు.

ఎనిమిదో అడుగు: ఎక్కడం, ముఖ్యంగా దిగడం

నడక వేగం అందరికంటే చిన్న కాళ్లది. మావాడిని ముందు పెట్టి మేము వెనక నడుస్తాం, అలా అయితే ఎవరూ వాడిని తరమరు. ఆరేళ్లలోపు ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దమనిషి ఉండాల్సిందే. "ఇంకెంత దూరం?" అన్న ప్రశ్నకు "దగ్గరే" అని అబద్ధం చెప్పవద్దు, రెండోసారి నమ్మరు. "ఆ గుండు దాకా" అని చూపించండి. గుండు దగ్గర ఆగి, భువనగిరికి ఆ పేరు చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి వల్ల వచ్చిందని, ఈ ఒంటిరాయి మీద కోట కట్టించింది ఆయనేనని ఒక ముక్క చెప్పండి. తర్వాత మరో గుండు.

ఎక్కుతూ దారిని వెనక్కి తిరిగి చూడటం నేర్పండి. దిగేటప్పుడు కనిపించేది ఆ రూపమే. రాతి మీద నల్లటి చారలు కనపడితే అవి వాన నీరు పారిన జాడలు. తడిగా ఉన్నప్పుడు వాటి మీద అడుగు పెడితే నూనె మీద పెట్టినట్టే. పొడి బండ మీద రాలి ఉన్న సన్నని మొరం కూడా కాలి కింద పూసల్లా దొర్లుతుంది. ఆ రెండింటినీ పిల్లల చేతనే గుర్తుపట్టించండి.

దిగేటప్పుడు నేను బిడ్డకంటే రెండడుగులు కింద, కాస్త పక్కగా నిలబడతాను. బిడ్డ జారితే నా ఒంటికి ఆనుతుంది, నన్ను తోసుకుంటూ పోదు. మోకాళ్లు వంచి, పాదాన్ని అడ్డంగా తిప్పి, అరికాలు మొత్తం బండకు ఆనేలా చిన్న చిన్న అడుగులు వేయిస్తాను. భయపడిన బిడ్డ వెనక్కి వాలిపోయి మడమ మీద బరువు వేస్తుంది, జారేది అప్పుడే. "ముక్కు నీ బొటనవేలి మీదకు రావాలి" అంటే మా చిన్నవాడు వెంటనే సరిగ్గా వంగుతాడు. వాలు మరీ ఎక్కువైతే కూర్చుని, చేతులు వెనక ఆనించి, పిరుదుల మీద దిగడంలో తప్పేమీ లేదు. ఇంకా నిటారుగా ఉంటే మెట్ల నిచ్చెన దిగినట్టు బండ వైపు తిరిగి దిగాలి. కింద కాలు ఎక్కడ పెట్టాలో నేను చేత్తో పట్టుకుని చూపిస్తాను.

చేయి పట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఐదేళ్లలోపు బిడ్డను ఒంటి చేతితో పైకి గుంజితే మోచేతి కీలు తప్పుతుంది. చంకల కింద రెండు చేతులు వేసి ఎత్తండి. బిడ్డ మొండికేసి కూర్చుంటే కోప్పడవద్దు, పక్కనే కూర్చోండి. రెండు గుక్కల నీళ్లు, ఒక కమలా తొన, ఐదు నిమిషాలు. మొదటిసారి భువనగిరిలో మేము చేసిన తప్పు తొందరపెట్టడమే. మా అత్తగారు పక్కన కూర్చుని, "అమ్మా, నేను కూడా నీలాగే కూర్చుని దిగుతాను, పద" అని చీర కుచ్చిళ్లు దోపుకుని ముందు కూర్చున్నాకే పాప కదిలింది.

అల్లరి చేసే బిడ్డ ఉన్నట్టుండి మౌనంగా మారితే వెంటనే ఆగండి. బుగ్గలు ఎర్రబడటం, తలనొప్పి, వికారం, చిరాకు వడదెబ్బకు ముందు గుర్తులు. నీడలో పడుకోబెట్టి, మెడకు, చంకలకు తడిగుడ్డ వేసి, గుక్క గుక్కగా ఓఆర్ఎస్ ఇవ్వండి. మగతగా ఉన్నా, మాట తడబడినా, నీరు నిలవకుండా వాంతి అవుతున్నా నోటిలో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటికి వచ్చాక

గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి, వేళ్ల మధ్య, మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో ముళ్లు, పిడుదులు ఉన్నాయేమో చూడండి. పిడుదు కనపడితే చిమ్టతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా నేరుగా లాగాలి. బూట్లను దులిపి ఎండలో పెట్టండి. ఆ రాత్రి తొడల నొప్పి అంటే కొబ్బరి నూనెతో మెల్లగా మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. రెండు రోజులు దాటినా బిడ్డ కుంటుతూ ఉంటే వైద్యుడికి చూపించాలి.

మా ఇంట్లో గుట్టల కోసం ఒక నోటు పుస్తకం ఉంది. ప్రతి ప్రయాణానికి ఒక పేజీ. ఎన్నింటికి బయలుదేరాం, ఎక్కడ ఎవరు ఏడ్చారు, ఏ బూటు కరిచింది, ఎర్ర దారం సీసాలో ఎంత మిగిలింది, అన్నీ రాస్తాం. తర్వాతి గుట్టను ఆ పేజీలు చూసే ఎంచుకుంటాం. పోయిన జనవరిలో మళ్లీ భువనగిరికి వెళ్లిన రోజు పేజీని మా అమ్మాయే రాసింది, తనకిప్పుడు తొమ్మిదేళ్లు. "ఎక్కడం 55 నిమిషాలు. దిగడం గంటా 10. నీళ్లు ముప్పావు లీటరు మిగిలాయి. తమ్ముడు రెండుసార్లు కూర్చుని దిగాడు, నేను ఒకసారి." దాని కింద వాలుబండను, దాని మీద చేతులు వెనక ఆనించి కూర్చున్న నలుగురిని పెన్సిలుతో గీసింది.